లేజర్ దూరమాపకం (వేట, వన్యప్రాణి పరిశీలన)

లేజర్ దూరమాపకం లేదా లేజర్ రేంజ్‌ఫైండర్ అనగా ఒక సన్నని కాంతి పుంజాన్ని లక్ష్యంపైకి పంపి, అది తగిలి తిరిగి వచ్చుటకు పట్టిన కాలాన్ని బట్టి లక్ష్యం ఎంత దూరంలో ఉన్నదో తెలిపే పరికరం. సైన్యం కొరకు పుట్టిన ఈ పరికరం 1990వ దశకం నడిమి నుండి అరచేతిలో ఇమిడే పరిమాణంలో సామాన్యులకు కూడా లభిస్తున్నది. వేటకు చట్టం అనుమతించే దేశాలలో దీనిని వేటగాళ్ళు, మిగిలిన చోట్ల గోల్ఫ్ ఆటగాళ్ళు, పక్షి పరిశీలకులు, అటవీ సిబ్బంది వాడుతున్నారు. భారతదేశంలో వన్యప్రాణుల వేట నేరం. అందువలన మన దేశంలో, ముఖ్యంగా పులికాట్ సరస్సు, నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం ఉన్న సూళ్లూరుపేట వంటి ప్రాంతాలలో, ఈ పరికరాన్ని ఎందుకు కొనాలి, ఎలాంటిది కొనాలి అనే ప్రశ్నకు సమాధానం పాశ్చాత్య దేశాలలో వలె ఉండదు.

పూర్వ పద్ధతులు

దూరాన్ని కంటితో, చెవితో అంచనా వేయటం మనిషికి అనాదిగా ఉన్న అలవాటు. తెలుగులో "కూతవేటు దూరం" అనే మాట నేటికీ వాడుకలో ఉన్నది. ఒకరు కూత పెడితే మరొకరికి వినిపించేంత దూరమని దాని అర్థం. ఆమడ, కోసు వంటి కొలతలు ఇంకా పెద్ద దూరాలకు వాడేవారు. ఇవన్నీ మాట్లాడుకోవటానికి సరిపోతాయి గాని గురి చూడటానికి పనికిరావు.

ఖచ్చితమైన కొలతకు ఎంత శ్రమ అవసరమయ్యేదో తెలియాలంటే సూళ్లూరుపేటకు దక్షిణాన ఉన్న చెన్నపట్నంలో జరిగిన పని ఒక్కటి చాలు. 1802 ఏప్రిల్‌లో విలియం లాంబ్టన్ సెయింట్ థామస్ మౌంట్ వద్ద సుమారు ఏడున్నర మైళ్ల ఆధార రేఖను ఉక్కు గొలుసుతో కొలవటం మొదలుపెట్టాడు. ఆ ఒక్క రేఖ పూర్తి కావటానికి దాదాపు రెండు నెలలు పట్టింది. భారతదేశపు మహా త్రికోణమితి సర్వేకు అదే పునాది.

పంతొమ్మిదవ శతాబ్ది చివర బ్రిటన్‌లో ఆర్చిబాల్డ్ బార్, విలియం స్ట్రౌడ్ అనే ఇద్దరు ఆచార్యులు రెండు కటకాల నుండి వచ్చే ప్రతిబింబాలను ఒకదానిపై ఒకటి చేర్చి దూరం తెలుసుకొనే దృశ్య దూరమాపకాన్ని రూపొందించారు. యుద్ధనౌకలలో దానిని విరివిగా వాడారు. రెండు కటకాల నడుమ ఎడం ఎంత ఎక్కువ ఉంటే కొలత అంత సరిగా వస్తుంది కాబట్టి ఆ పరికరాలు మీటర్ల పొడవు ఉండేవి.

1960లో థియొడోర్ మైమన్ తొలి లేజర్‌ను వెలిగించాడు. మరుసటి ఏడాదే, 1961లో, అతడు పనిచేసిన హ్యూస్ సంస్థ లేజర్‌తో దూరాన్ని కొలిచే పరికరాన్ని ప్రదర్శించింది. ఏం చేయాలో తెలియని ఆవిష్కరణ అని లేజర్‌ను తొలినాళ్ళలో కొందరు పరిహసించారు గాని, దూరం కొలవటం అనే పని దానికి పుట్టిన ఏడాదిలోనే దొరికింది.

పనిచేయు విధానం

శూన్యంలో కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు. గాలిలో దాదాపు అంతే. పరికరంలోని బొత్తాం నొక్కగానే ఒక లేజర్ డయోడ్ అతి స్వల్ప కాలం వెలిగి ఆరిపోతుంది. ఇలా వెలువడే కాంతి స్పందం లక్ష్యాన్ని తాకి అన్ని వైపులకూ చెదురుతుంది. చెదిరిన కాంతిలో అతి కొద్ది భాగం వెనుకకు వచ్చి పరికరంలోని కాంతి శోధకంపై పడుతుంది. వెళ్ళి రావటానికి పట్టిన కాలాన్ని కాంతి వేగంతో గుణించి రెండుతో భాగిస్తే దూరం వస్తుంది.

300 మీటర్ల దూరంలోని చెట్టుకు వెళ్ళి రావటానికి కాంతికి పట్టే కాలం సెకనులో పది లక్షల వంతులలో రెండు వంతులు మాత్రమే. కొలతలో ఒక మీటరు తేడా అంటే సుమారు 6.7 నానోసెకనుల తేడా. ఇంత చిన్న కాలాన్ని చవకగా కొలిచే ఎలక్ట్రానిక్ గడియారాలు వచ్చిన తరువాతనే ఈ పరికరం సామాన్యుని చేతికి వచ్చింది. ఒక్క స్పందాన్ని నమ్మకుండా, వరుసగా అనేక స్పందాలను పంపి, వచ్చిన జవాబులలో పొంతన కుదిరిన వాటిని మాత్రమే లెక్కలోకి తీసుకొనేటట్లు పరికరాలను రూపొందిస్తారు.

పౌరులకు లభించే పరికరాలలో అధిక భాగం 905 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల పరారుణ కాంతిని వాడతాయి. అది మన కంటికి కనిపించదు. సిలికాన్ శోధకాలు దానిని బాగా గుర్తిస్తాయి కనుక పరికరం ధర తగ్గుతుంది. సైనిక అవసరాలకు, ఖరీదైన కొన్ని పరికరాలకు 1550 నానోమీటర్ల ప్రాంతంలోని కాంతిని వాడతారు. ఈ కాంతిని కంటి ముందు భాగంలోని నీరే పీల్చుకుంటుంది కాబట్టి రెటీనాకు హాని తక్కువ. అందువలన ఎక్కువ శక్తిగల స్పందాన్ని పంపే వీలున్నది.

ఇళ్ళు కట్టే మేస్త్రీలు, విద్యుత్ పనివారు వాడే "లేజర్ టేపు" వేరే జాతి పరికరం. దానిలో కంటికి కనిపించే ఎర్రని చుక్క ఉంటుంది. గదిలో మిల్లీమీటర్ల ఖచ్చితత్వం ఇస్తుంది గాని ఎండలో ఆ చుక్క కనిపించదు, యాభై మీటర్లు దాటితే సాధారణంగా తడబడుతుంది. చవకగా దొరికినదని దానిని కొని చెరువు గట్టుపైకి తీసుకువెళ్ళిన వారు నిరాశ చెందుతారు.

దూరం తప్పితే ఏమవుతుంది

వేటలో ఈ పరికరం ఎందుకు ముఖ్యమైనదో చిన్న లెక్కతో తెలుసుకోవచ్చు. సెకనుకు 80 మీటర్ల వేగంతో బాణం వెళ్తున్నదనుకుందాం. గాలి నిరోధాన్ని విడిచిపెడితే 30 మీటర్లు వెళ్ళటానికి దానికి 0.375 సెకను పడుతుంది. ఆ కాలంలో గురుత్వాకర్షణ వలన అది సుమారు 69 సెంటీమీటర్లు కిందికి దిగుతుంది. 35 మీటర్లు వెళ్ళాలంటే 0.4375 సెకను. అప్పుడు దిగుడు సుమారు 94 సెంటీమీటర్లు. అనగా కేవలం 5 మీటర్ల పొరపాటుకు బాణం ఒక జానెడు కంటే ఎక్కువ కిందికి పోతుంది. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోట తగలవలసినది పొట్టలోనో కాలిలోనో దిగబడుతుంది.

సెకనుకు 800 మీటర్ల వేగంగల తుపాకి గుండుకు ఇవే అంకెలు 300, 350 మీటర్ల వద్ద వస్తాయి. గాలి నిరోధం కలిపితే దిగుడు ఇంకా పెరుగుతుంది. తరగతిలో ప్రక్షేపకాల పాఠం చదివే విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా చేసి చూడవచ్చు.

తగిలీ తగలని దెబ్బతో పారిపోయిన జంతువు రోజుల తరబడి బాధపడి చనిపోతుంది. పులి, చిరుత వంటివైతే గాయపడినవి మనుషులపైకి వస్తాయి. చిత్తూరు అడవులలో, ముఖ్యంగా చామల లోయలో, తిరిగిన నరభక్షక పులి గురించి బెంగుళూరుకు చెందిన కెన్నెత్ ఆండర్సన్ 1954లో వెలువడిన తన తొలి పుస్తకంలో వ్రాశాడు. ఆ రోజులలో మంచెపై కూర్చున్న వేటగాడికి టార్చి లైటు, అనుభవం తప్ప వేరే ఆధారం లేదు. అందుకే వారు చాలా దగ్గరి నుండి మాత్రమే కాల్చటానికి ఇష్టపడేవారు. పరికరం చేతికి వచ్చిన తరువాత దూరం నుండి కాల్చాలనే ఉత్సాహం కొందరిలో పెరిగింది. కొలత తెలిసినంత మాత్రాన గాలి వాలు, చేతి వణుకు మాయం కావు.

ఎంపికలో గమనించవలసిన అంశాలు

పెట్టెపై వ్రాసిన గరిష్ఠ దూరం

కొనేవారిని ఎక్కువగా తప్పుదారి పట్టించేది ఇదే. పెట్టెపై "1000" అని పెద్ద అక్షరాలలో ఉంటుంది. అది సాధారణంగా గజాలలో చెప్పిన అంకె. ఒక గజం 0.9144 మీటరు కనుక అది 914 మీటర్లే. అంతేకాక, ఆ దూరం రహదారి సూచిక బోర్డు వంటి మెరిసే లక్ష్యానికి మాత్రమే వర్తిస్తుంది. మంచి తయారీదారులు మెరిసే లక్ష్యం, చెట్టు, జింక అని మూడు వేర్వేరు అంకెలు ఇస్తారు. జింక అంకె మొదటి దానిలో సగం గాని అంతకంటే తక్కువ గాని ఉండటం మామూలే. మూడవ అంకె ఇవ్వని పెట్టెను అనుమానించటం మంచిది.

కారణం సులభం. జంతువు చర్మంపై రోమాలు కాంతిని చెదరగొడతాయి, కొంత పీల్చుకుంటాయి. తడిసిన నల్లని గేదె ఒంటి నుండి తిరిగి వచ్చే కాంతి, సున్నం వేసిన గోడ నుండి వచ్చే దానిలో చిన్న భాగమే. లక్ష్యం కాంతి పుంజం కంటే వెడల్పైనదైతే తిరిగి వచ్చే కాంతి దూరపు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. లక్ష్యం పుంజం కంటే చిన్నదైతే దూరపు నాలుగవ ఘాతాన్ని బట్టి తగ్గుతుంది. కొంగ వంటి పక్షి విషయంలో ఈ రెండవ స్థితి త్వరగా వస్తుంది.

ఎండ కూడా శత్రువే. సూర్యకాంతిలో పరారుణం పుష్కలంగా ఉంటుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం కంటే తెల్లవారుజామున, మబ్బు వేళ అదే పరికరం ఎక్కువ దూరం కొలుస్తుంది.

కాంతి పుంజపు వెడల్పు

లేజర్ పుంజం గీతలా సాగిపోతుందని చాలామంది అనుకుంటారు. అది నిజానికి క్రమంగా విచ్చుకుంటుంది. ఈ విచ్చుకొనే కోణాన్ని మిల్లీరేడియన్లలో చెబుతారు. ఒక మిల్లీరేడియన్ అంటే కిలోమీటరు దూరంలో ఒక మీటరు వెడల్పు. 1.5 మిల్లీరేడియన్ల పుంజం 300 మీటర్ల వద్ద 45 సెంటీమీటర్లు, కిలోమీటరు వద్ద ఒకటిన్నర మీటరు అవుతుంది. పొదల నడుమ నిలిచిన జంతువును కొలవాలంటే సన్నని పుంజం కావాలి. చవక పరికరాల వివరాలలో ఈ అంకె తరచు కనిపించదు.

ముందున్న దానినా, వెనుకనున్న దానినా

పరికరం నుండి వెళ్ళిన ఒక్క స్పందానికి రెండు మూడు ప్రతిధ్వనులు రావచ్చు. ముందున్న గడ్డి పరక నుండి ఒకటి, జంతువు నుండి ఒకటి, వెనుక గుట్ట నుండి ఒకటి. వీటిలో దేనిని చూపించాలో పరికరం ముందుగా నిర్ణయించుకోవాలి. గోల్ఫ్ పరికరాలు అన్నిటికంటే దగ్గరి ప్రతిధ్వనిని ఎంచుకుంటాయి. జెండా కర్ర వెనుకనున్న చెట్లను వదలివేయటం వాటికి అవసరం. వేట పరికరాలు ఇందుకు భిన్నంగా దూరపు ప్రతిధ్వనిని ఎంచుకొని, ముందున్న ఆకులను, వాన చినుకులను వదలివేస్తాయి. పచ్చని ఆకులు పరారుణ కాంతిని చాలా బలంగా పరావర్తనం చేస్తాయి కనుక ఇది చిన్న విషయం కాదు. గోల్ఫ్ పరికరాన్ని అడవికి తీసుకువెళ్తే ఎదుట ఉన్న కొమ్మ దూరాన్నే చెబుతూ ఉంటుంది. రెండు పద్ధతుల మధ్య మార్చుకొనే వీలు ఉన్నది కొనుట ఉత్తమం.

బొత్తాం నొక్కి ఉంచి పరికరాన్ని అటూ ఇటూ తిప్పితే అంకె మారుతూ ఉండే సౌకర్యాన్ని "స్కాన్" అంటారు. కదిలే లక్ష్యాలకు, చిన్న లక్ష్యాలకు ఇది లేనిదే పని జరగదు.

కోణ సవరణ

గుట్టపై నుండి లోయలోకి చూసినప్పుడు పరికరం చూపేది ఏటవాలు దూరం. గుండు లేదా బాణం దిగుడు ఆధారపడేది ప్రధానంగా క్షితిజ సమాంతర దూరంపై. ఏటవాలు దూరాన్ని కోణపు కొసైన్ విలువతో గుణిస్తే ఇది వస్తుంది. 300 మీటర్ల ఏటవాలు దూరం, 30 డిగ్రీల కోణం ఉంటే సమాంతర దూరం సుమారు 260 మీటర్లు. ఈ 40 మీటర్ల తేడా చాలా పెద్దది. శేషాచలం వంటి కొండలలో దీనిని విస్మరించరాదు.

అయితే మంచె విషయంలో ప్రకటనలు చెప్పేంత అవసరం లేదు. ఆరు మీటర్ల ఎత్తు మంచెపై నుండి 20 మీటర్ల ఏటవాలు దూరంలోని లక్ష్యానికి సమాంతర దూరం 19.1 మీటర్లు. మీటరు కంటే తక్కువ తేడా. పైథాగరస్ సిద్ధాంతం తెలిసిన ఎనిమిదవ తరగతి విద్యార్థి ఈ లెక్క చేయగలడు. దీని కోసమే అదనంగా డబ్బు పెట్టనవసరం లేదు. పులికాట్ వంటి బల్లపరుపు నేలపై ఈ సౌకర్యం అసలే అవసరం ఉండదు.

కటకం, అంకెల తెర

ఎక్కువ పరికరాలు ఆరు రెట్లు పెద్దవి చేసి చూపుతాయి. వస్తు కటకం వ్యాసం 20 నుండి 26 మిల్లీమీటర్లు ఉంటుంది. వ్యాసాన్ని ఆవర్ధనంతో భాగిస్తే కంటిలోకి చేరే కాంతి వలయపు వెడల్పు వస్తుంది. 24ను 6తో భాగిస్తే 4 మిల్లీమీటర్లు. పగటికి ఇది చాలు. మసక వెలుతురులో యువకుల కనుపాప ఇంతకంటే ఎక్కువ విచ్చుకుంటుంది కాబట్టి వారికి పెద్ద కటకం వలన మేలు ఉన్నది. అరవై దాటిన వారి కనుపాప అంతగా విచ్చుకోదు. ఈ వ్యాసకర్త వంటి వారు పెద్ద కటకానికి పెట్టే ధరలో కొంత భాగం వృథా అని చెప్పాలి.

తెర రెండు రకాలు. ఎల్.సి.డి. తెరలో నల్లని అంకెలు ఉంటాయి. ఎండలో చక్కగా కనిపిస్తాయి, బ్యాటరీ తక్కువ తింటాయి గాని, సంధ్య వేళ చీకటి నేపథ్యంలో కలిసిపోతాయి. ఓ.ఎల్.ఇ.డి. తెరలో ఎర్రని అంకెలు వెలుగుతాయి. జంతువులు, పక్షులు ఎక్కువగా తిరిగేది తెల్లవారుజామున, పొద్దు వాలిన తరువాత. కాబట్టి వెలుగు తగ్గించుకొనే వీలున్న ఎర్ర అంకెల తెరను ఎన్నుకోవటం మంచిది. కళ్ళజోడు ఉన్నవారు అక్షి కటకం నుండి కంటికి ఎంత ఎడం ఉండవచ్చో కూడా చూసుకోవాలి. ఇది 15 మిల్లీమీటర్లకు తక్కువైతే జోడుతో చూడటం కష్టం.

తడి, ఉప్పుగాలి, బ్యాటరీ

ఐ.పి.ఎక్స్.7 అనే గుర్తు ఉంటే పరికరం ఒక మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా చెడదని అర్థం. ఐ.పి.ఎక్స్.4 అయితే చినుకులకు మాత్రమే తట్టుకుంటుంది. పులికాట్ ఉప్పునీటి గాలికి బ్యాటరీ గది లోని లోహపు పలకలు త్వరగా చిలుము పడతాయి. వాడిన తరువాత పొడి గుడ్డతో తుడిచి, కొన్నాళ్ళు వాడకపోతే బ్యాటరీ తీసి ఉంచాలి. చాలా పరికరాలు సి.ఆర్.2 అనే మూడు వోల్టుల బ్యాటరీని వాడతాయి. చిన్న ఊళ్ళ దుకాణాలలో అది తేలికగా దొరకదు. ఒకటి అదనంగా వెంట ఉంచుకోవాలి, లేదా ఛార్జి చేసుకొనే రకం కొనాలి.

కొన్న వెంటనే చేయవలసిన పరీక్ష

అంకె నిజమో కాదో మొదట తేల్చుకోవాలి. పాఠశాల మైదానంలో టేపుతో 50, 100 మీటర్లు కొలిచి గోడ వైపు గురిపెట్టి చూడవచ్చు. తరువాత ఆకాశం నేపథ్యంగా ఉన్న ఒక విద్యుత్ స్తంభాన్ని ఎంచుకొని, స్కాన్ పద్ధతిలో ఎడమ నుండి కుడికి, కుడి నుండి ఎడమకు మెల్లగా జరపాలి. అంకె ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నదో గమనిస్తే అసలు పుంజం తెరపై గుర్తుకు నడుమ ఉన్నదో, పక్కకు పోయిందో తెలుస్తుంది. పక్కకు పోయిన పరికరాన్ని గడువు లోపల తిరిగి ఇచ్చివేయాలి. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. పెట్టె తెరిచిన రోజున దీనిని చేసేవారు మాత్రం అరుదు.

మీటర్లు, గజాలు మార్చుకొనే బొత్తాం ఏ స్థితిలో ఉన్నదో కూడా అప్పుడే చూడాలి. 400 గజాలను 400 మీటర్లు అనుకుంటే 34 మీటర్లకు పైగా తప్పు.

చేతి వణుకును తక్కువ అంచనా వేయరాదు. పరికరం ఒక డిగ్రీ కదిలితే 300 మీటర్ల వద్ద పుంజం అయిదు మీటర్లు పక్కకు పోతుంది. మోచేతులను గట్టుపైనో మోకాలిపైనో ఆనించాలి. అడుగున ముక్కాలిపీటకు బిగించే మర ఉన్న పరికరం పక్షి పరిశీలకులకు ఎంతో ఉపకరిస్తుంది.

ధర ఎక్కువైనది అన్ని విధాలా మేలైనదని చెప్పలేము. లైకా, స్వరోవ్‌స్కీ వంటి సంస్థల పేరు ముఖ్యంగా కటకాల స్పష్టతకు. బుష్‌నెల్, వోర్టెక్స్, నికాన్ వంటి సంస్థల మధ్యరకం పరికరాలు 300 మీటర్ల లోపు అవసరాలకు సాధారణంగా సరిపోతాయి.

భారతదేశంలో చట్టం

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. తొలుత కొన్ని జంతువులను లైసెన్సుపై వేటాడే వీలు ఉండేది. 1991 సవరణతో ఆ లైసెన్సుల విధానం రద్దయింది. 9వ సెక్షన్ వేటను నిషేధిస్తుంది. ఈ చట్టంలో "వేట" అనే మాటకు అర్థం చాలా విస్తృతమైనది. చంపటమే కాదు, పట్టటం, ఉచ్చు వేయటం, తరమటం, ఎర వేయటం, గాయపరచటం, పక్షుల గుడ్లను, గూళ్లను చెరపటం కూడా వేటయే. అందుకు ప్రయత్నించినా నేరమే. మొదటి షెడ్యూలులోని జంతువుల విషయంలో మూడు నుండి ఏడేళ్ళ జైలు శిక్ష, జరిమానా ఉంటాయి. 2022 సవరణ కనీస జరిమానాను 10,000 నుండి 25,000 రూపాయలకు పెంచింది. నేరానికి వాడిన వాహనాలు, ఆయుధాలు, పనిముట్లు 39వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వపరమవుతాయి. దూరమాపకం కలిగి ఉండటం నేరం కాదు గాని, వేట కేసులో దొరికితే అదీ పనిముట్టే.

మినహాయింపులు లేకపోలేదు. మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారిన జంతువు విషయంలో ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి 11వ సెక్షన్ కింద వ్రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. 62వ సెక్షన్ కింద కేంద్ర ప్రభుత్వం కొన్ని జంతువులను కొన్ని ప్రాంతాలలో, కొంత గడువుకు, హానికర జంతువులుగా ప్రకటించవచ్చు. 2015 డిసెంబరులో బీహారులో నీల్‌గాయ్, అడవిపంది. 2016లో ఉత్తరాఖండ్‌లో అడవిపంది, హిమాచల్ ప్రదేశ్‌లో కోతి ఇలా ప్రకటించబడ్డాయి. పంట పోగొట్టుకున్న రైతు గోడు నిజమైనది. అయినా అనుమతి లేకుండా తుపాకి ఎత్తే హక్కు ఎవరికీ లేదు.

అమెరికాలో నివసించే తెలుగువారిలో వేట సరదా ఉన్నవారికి అక్కడి నియమాలు వేరు. వేట లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. చేతిలో పట్టుకొనే దూరమాపకానికి సాధారణంగా అభ్యంతరం ఉండదు గాని, విల్లుకు బిగించిన ఎలక్ట్రానిక్ పరికరాలను కొన్ని రాష్ట్రాలు నిషేధించాయి. ఉద్యోగ వీసా వంటి తాత్కాలిక వీసాపై వెళ్ళినవారు తుపాకి కలిగి ఉండటాన్ని అక్కడి కేంద్ర చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉండటం ఆ నిషేధానికి ఉన్న మినహాయింపులలో ఒకటి. మిత్రుని తుపాకిని సరదాగా చేతిలోకి తీసుకొనే ముందు ఈ సంగతి తెలిసి ఉండాలి.

సూళ్లూరుపేట పరిసరాలలో

సూళ్లూరుపేట కాళంగి నది ఒడ్డున, చెన్నై-కోల్‌కత జాతీయ రహదారిపై ఉన్న పట్టణం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో నెల్లూరు జిల్లా నుండి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి నుండి శ్రీహరికోటకు వెళ్ళే రోడ్డు పులికాట్ సరస్సును చీల్చుకొని సాగుతుంది. భారతదేశంలోని ఉప్పునీటి సరస్సులలో చిలికా తరువాత ఇదే పెద్దది. శీతకాలంలో రాజహంసలు ఇక్కడికి వచ్చి లోతులేని నీటిలో మేత మేస్తాయి. ఉత్తరాన ఉన్న నేలపట్టు కేంద్రంలో, చెరువు నీటిలో నిలిచిన చెట్లపై గూడబాతులు గూళ్లు కడతాయి. ఈ పక్షుల పేరిట జరిగే ఫ్లెమింగో ఉత్సవం కొంత విరామం తరువాత 2025 జనవరిలో మళ్ళీ జరిగింది.

పక్షులను చూడవచ్చిన వారికి దూరమాపకం రెండు విధాలుగా ఉపయోగపడుతుంది. మొదటిది, ఎంత దగ్గరకు పోతే గుంపు లేస్తున్నదో కొలిచి, ఆ హద్దుకు బయటనే నిలబడటం. పక్షులు ఒకసారి లేచిపోతే మేత సమయం, ఒంటిలోని శక్తి రెండూ నష్టం. గూళ్లపై నుండి తల్లి లేస్తే గుడ్లు, పిల్లలు ఎండకు, కాకులకు గురవుతాయి. రెండవది, గుంపు ఎంత దూరంలో ఉన్నదో, ఎంత వెడల్పున పరచుకొన్నదో తెలిస్తే సంఖ్యను మెరుగ్గా అంచనా వేయవచ్చు.

అయితే సరస్సుపై కొలత అంత సులభం కాదు. నిశ్చలమైన నీరు అద్దంలా పనిచేసి, ఏటవాలుగా పడిన కాంతిని ముందుకే పంపివేస్తుంది, వెనుకకు రానివ్వదు. పక్షి సన్నని కాళ్ళు, మెడ పుంజాన్ని దాదాపు పూర్తిగా వదలివేస్తాయి. అంకె వచ్చినా అది వెనుక గట్టుది కావచ్చు. అటువంటప్పుడు గుంపు దట్టంగా ఉన్న చోట గురిపెట్టి, మూడు నాలుగు సార్లు కొలిచి, పదేపదే వచ్చిన అంకెను తీసుకోవాలి. లేదా పక్షుల పక్కన ఉన్న పడవనో, వల కట్టిన కర్రనో కొలవాలి. మధ్యాహ్నం వేడికి గాలి అలలుగా కదిలే వేళ ఈ పని పెట్టుకోకపోవటమే మేలు.

శ్రీహరికోట ద్వీపం భద్రతా ప్రాంతం. అనుమతి లేనిదే ప్రవేశం లేదు. తనిఖీ కేంద్రం పరిసరాలలో ఇలాంటి పరికరాలతో తచ్చాడటం తగదు.

అటవీ శాఖలో ఉపయోగం

నాలుగేళ్ళకొకసారి జరిగే జాతీయ పులుల గణనలో పులితో పాటు దాని ఆహారమైన చుక్కల దుప్పి, కణితి, అడవిపంది వంటి జంతువులను కూడా అంచనా వేస్తారు. సిబ్బంది ముందుగా గీసిన సరళ రేఖ వెంట నడుస్తూ, జంతువు కనిపించగానే దూరమాపకంతో దూరాన్ని, దిక్సూచితో కోణాన్ని నమోదు చేస్తారు. దూరాన్ని కోణపు సైన్ విలువతో గుణిస్తే నడక రేఖ నుండి జంతువుకు గల లంబ దూరం వస్తుంది. 60 మీటర్లు, 30 డిగ్రీలు అయితే 30 మీటర్లు. దూరం పెరిగే కొద్దీ కనిపించే జంతువుల సంఖ్య ఎలా తగ్గుతున్నదో లెక్కించి, కనిపించకుండా పోయినవి ఎన్ని ఉండవచ్చో గణాంక పద్ధతిలో అంచనా కడతారు. కంటి అంచనాతో దూరాలు వ్రాస్తే మనిషి సహజంగా 50, 100 వంటి గుండు అంకెలకు మొగ్గుతాడు. ఆ లోపం మొత్తం అంచనాను చెడగొడుతుంది.

మత్తు సూది తుపాకి వాడేటప్పుడు దూరం తెలియటం మరింత ముఖ్యం. ఊళ్ళోకి వచ్చిన చిరుతకు లేదా ఏనుగుకు సూది వేసే పశువైద్యుడు దూరాన్ని బట్టి తుపాకిలో వాయు పీడనాన్ని అమర్చుకుంటాడు. పీడనం ఎక్కువైతే సూది లోతుగా దిగి ఎముకను, లోపలి అవయవాలను గాయపరుస్తుంది. తక్కువైతే సూది చేరదు, బెదిరిన జంతువు గుంపుగా చేరిన జనంపైకి దూకుతుంది. కుప్పం, పలమనేరు ప్రాంతాలలో ఏనుగుల రాకపోకలు, తిరుమల నడకదారిలో 2023లో జరిగిన చిరుత దాడుల తరువాత ఈ పనికి ఎంత నైపుణ్యం కావాలో ప్రజలకు కొంత తెలిసివచ్చింది. తిరుమలలో చిరుతలను బోనులు పెట్టి పట్టుకొన్నారు. వీలున్న చోట బోనే సురక్షితమైన మార్గం.

శ్రీహరికోట నుండి చంద్రుని వరకు

ఇదే సూత్రంతో పనిచేసే పరికరాలు సూళ్లూరుపేటకు ఎదురుగా ఉన్న సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం నుండి చంద్రుని వద్దకు వెళ్ళాయి. 2008 అక్టోబరు 22న బయలుదేరిన చంద్రయాన్-1లో ఒక లేజర్ దూరమాపకం ఉన్నది. అది 100 కిలోమీటర్ల ఎత్తు నుండి 1064 నానోమీటర్ల కాంతి స్పందాలను సెకనుకు పది చొప్పున పంపి చంద్రుని ఎత్తుపల్లాలను కొలిచింది. ఒక్కొక్క స్పందం వెళ్ళి రావటానికి సెకనులో వెయ్యి వంతులలో ఒక వంతు కూడా పట్టదు.

2023 జూలై 14న బయలుదేరి ఆగస్టు 23న దిగిన చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండరుపై నాసా ఇచ్చిన చిన్న పరావర్తకం ఉన్నది. అరచేతిలో పట్టే గుమ్మటంపై ఎనిమిది క్వార్ట్జ్ పట్టకాలు అమర్చారు. ఏ వైపు నుండి వచ్చిన కాంతినైనా వచ్చిన దారిన వెనుకకు పంపటం వాటి గుణం. 2023 డిసెంబరు 12న నాసా వారి చంద్ర పరిభ్రమణ నౌక సుమారు 100 కిలోమీటర్ల దూరం నుండి లేజర్‌ను పంపి, ఈ పట్టకాల నుండి జవాబును అందుకొన్నది. పెట్టెపై వ్రాసే "మెరిసే లక్ష్యం" అంకె ఎందుకు అంత పెద్దదిగా ఉంటుందో దీనిని బట్టి విద్యార్థులు గ్రహించవచ్చు. అదే నేల, అదే కాంతి. తిప్పి పంపే గుణమే వేరు.

2024 ఫిబ్రవరిలో చంద్రునిపై దిగిన అమెరికా ప్రైవేటు నౌక ఒడిస్సియస్‌లో దూరమాపకాలు పనిచేయలేదు. ప్రయోగానికి ముందు మార్చవలసిన భద్రతా మీటను ఎవరూ మార్చలేదు. అంతటి వారికే అలా జరిగినప్పుడు, ఇంటి నుండి బయలుదేరే ముందు బ్యాటరీ ఉన్నదో లేదో చూసుకోవటానికి మనం సిగ్గుపడనవసరం లేదు.

కంటికి భద్రత

పౌరులకు అమ్మే పరికరాలు మొదటి తరగతి లేజర్ అనే గుర్తు కలిగి ఉండాలి. మామూలు వాడుకలో వాటి వలన కంటికి హాని లేదని ఆ గుర్తుకు అర్థం. అయినా పనిచేస్తున్న పరికరపు ముఖంలోకి, ముఖ్యంగా బైనాక్యులర్ పెట్టుకొని, చూడరాదు. పరారుణం కనిపించదు కాబట్టి కన్ను తనంతట తాను రెప్ప వాల్చదు. సైన్యం నుండి తొలగించిన పాత దూరమాపకాలు అంతర్జాలంలో అమ్మకానికి కనిపిస్తాయి. వాటిలో 1064 నానోమీటర్ల లేజర్లు ఉన్నవి కిలోమీటరుకు పైగా దూరంలోని మనిషి చూపును కూడా దెబ్బతీయగలవు. వాటిని ఎట్టి పరిస్థితులలోను కొనరాదు. ఏ పరికరాన్నైనా విమానాల వైపు, వాహనాలు నడిపేవారి వైపు గురిపెట్టరాదు. దుర్భిణితో గాని, దూరమాపకంతో గాని సూర్యుని వైపు చూడరాదు. పిల్లల చేతికి ఇచ్చే ముందు ఈ చివరి మాట రెండుసార్లు చెప్పాలి.

ఇవి కూడా చూడండి

పులికాట్ సరస్సు
నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం
వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972
చంద్రయాన్-1
లేజర్